అమ్మాయి మీద ఒట్టు

ఛాతీ రోగాల విభాగంలో చివరి గది ఒకప్పుడు విరిగిన మంచాలు పడేసే గది. ఇప్పుడు అందులో ఒక బల్ల, మూడు కుర్చీలు, ఫైళ్ల బీరువా పెట్టి నర్సమ్మని కూర్చోబెట్టారు. ఇరవై రెండేళ్లు వార్డుల్లో తిరిగీ తిరిగీ ఆవిడ మోకాళ్లు మొరాయించాయి. అందుకే ఈ కుర్చీ పని ఇచ్చారు. పని వినడానికి తేలికే. ఏళ్ల తరబడి సిగరెట్లు తాగిన పెద్దవాళ్లని ఉత్తరం రాసి పిలిపించాలి, ఫారం నింపాలి, అర్హులైతే స్కానుకి పంపాలి. దగ్గూ ఆయాసం ఏమీ లేనివాళ్లకే ఆ స్కాను. ఊపిరితిత్తుల్లో కేన్సరు తల ఎత్తకముందే దొరకబుచ్చుకోవాలని ఆలోచన. అయితే ఇలాంటిది ఈ ఆసుపత్రిలో జరిగే పనేనా, పిలిస్తే జనం వస్తారా, వచ్చినవాళ్లు చివరిదాకా నిలుస్తారా అని ముందు ఆరు నెలలు చూడమన్నారు. "అంటే పరీక్షకే పరీక్ష అన్నమాట," అని నర్సమ్మ మొదటిరోజే తేల్చేసింది.

సోమవారం ఉదయం దర్జీ వచ్చాడు. వచ్చాడు అనడం కంటే భార్య తీసుకొచ్చింది అనడం న్యాయం. ఆవిడ ముందు నడిచింది, ఆయన వెనక నడిచాడు. ఆసుపత్రి ఉత్తరాన్ని ఆవిడ నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో భద్రంగా దాచుకుంది. ఆయన మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయి అలాగే వచ్చేశాడు.

"కూర్చోండి అన్నయ్యగారూ. వదినగారూ, మీరూ కూర్చోండి," అని నర్సమ్మ మూడో కుర్చీ లాగింది. "వయసు?"

"అరవై రెండు," అంది భార్య.

"ఏం చేస్తుంటారు?"

"దర్జీ అమ్మా. మా ఇంటికి నాలుగు వీధుల అవతల కొట్టు. ఈయన కుట్టిన కోటు వేసుకుని ఉద్యోగం అడగడానికి వెళ్లినవాడు ఉత్త చేతుల్తో తిరిగొచ్చిన పాపాన పోలేదు."

"అడిగింది నన్నా, నిన్నా?" అన్నాడు దర్జీ. కోపం లేదు ఆ మాటలో. అది ఆ ఇంట్లో రోజూ అనే మాటే అని తెలిసిపోతోంది.

"సిగరెట్లు ఎప్పుడు మొదలుపెట్టారు?"

"ఇరవై మూడో ఏట," ఈసారి ఆయనే చెప్పాడు.

"రోజుకి ఎన్ని?"

దర్జీ భార్య వంక చూశాడు. టేపు కొస పట్టుకుని చూపుడువేలికి చుట్టడం మొదలుపెట్టాడు.

"అదంతా పాత కథ నర్సమ్మా," అందుకుంది భార్య. "మానేసి పద్దెనిమిదేళ్లు. అప్పుడు మా అమ్మాయి పదేళ్ల పిల్ల. దాని నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశారు, ఇక తాగనని. అంతే, మళ్లీ సిగరెట్టు ముట్టుకుంటే ఒట్టు!"

"అవునా అన్నయ్యగారూ?"

టేపు వేలికి నాలుగు చుట్లు తిరిగింది. "అవును," అన్నాడు దర్జీ.

సంతకం పెట్టడానికి ఆయన బల్ల మీదికి వంగినప్పుడు లవంగం వాసన వచ్చింది. ఆ వెనకే ఇంకో వాసన. రోగుల నోటి దగ్గర ముక్కు పెట్టి ఇరవై రెండేళ్లు బతికిన మనిషికి ఆ రెండో వాసన ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఫారంలో వాసనకి గడి లేదు. రోగి ఏం చెబితే అది రాయాలి. మానేసి పదిహేనేళ్లు దాటితే అర్హత లేనట్టే. నర్సమ్మ 'కాదు' అన్న గడిలో టిక్కు పెట్టింది.

"మీకు స్కాను లేదు అన్నయ్యగారూ. ఇక వెళ్లొచ్చు."

"లేదా? అంటే ఏమీ లేదన్నట్టేగా?" భార్య మొహం విచ్చుకుంది.

"అలా అని కాదు వదినగారూ, మీరు మా లెక్కలోకి రారని..."

ఆవిడ వింటేగా! లేచి నర్సమ్మ చేతులు రెండూ పట్టుకుని ఊపేసింది. "ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి మెతుకు మింగుడుపడలేదమ్మా నాకు. నీ కడుపు చల్లగా!" అంది. వరండాలోకి వెళ్తూనే బెంచీల మీద కూర్చున్న జనానికి వినిపించేలా, "మా ఆయన ఊపిరితిత్తులు అద్దంలా ఉన్నాయట!" అంది. ఎవరో మంచి మాట అన్నారు. ఎవరో నవ్వారు. దర్జీ తలొంచుకుని ఆవిడ వెనకే నడిచాడు.

నర్సమ్మ లేచి పిలుద్దామనుకుంది. మోకాలు పట్టేసింది. అంతలో తర్వాతి మనిషి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, పక్కన కోడలు.

సాయంత్రం డాక్టరు ఫారాలు చూసి తల పట్టుకున్నాడు. "ఇరవై ఆరు మంది వస్తే ఏడుగురే మిగిలారు సిస్టర్. ఇలా అయితే ఇది ఇక్కడ అయ్యే పని కాదని రాసి మూటకట్టెయ్యడమే."

నర్సమ్మ ఆ ఇరవై ఆరు కాగితాలూ బల్ల మీద పరిచింది. ఎవరి మొహం ఎవరిదో ఆవిడకి గుర్తే. మిగిలిన ఏడుగురినీ ఒక పక్కకి జరిపింది. వాళ్లలో ఆరుగురు ఒంటరిగా వచ్చినవాళ్లు.

"మరి ఏడో ఆయన?" అన్నాడు డాక్టరు.

"వాళ్లావిడకి చెవుడు సార్."

డాక్టరు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు.

"పెళ్లాం పక్కనుండగా, కోడలు పక్కనుండగా రోజుకి ఎన్ని తాగుతావని అడిగితే ఏ మగాడు నిజం చెబుతాడు సార్? ఆ మూడో కుర్చీ వేసింది నేనే. పాపం నిలబడలేరని," అంది నర్సమ్మ. తన మీద తనకే ఒళ్లు మండుతోంది. ఇన్నేళ్ల అనుభవం ఏ గంగలో కలిసింది?

"రేపట్నుంచి ఒక్కొక్కరినే లోపలికి పిలవండి. పైవాళ్లకి నేను రాస్తాను."

"మరి వెళ్లిపోయిన ఈ పంతొమ్మిది మందో?"

"సంతకాలు పెట్టిన ఫారాలు కదా. వాళ్లే తిరిగొచ్చి వేరేగా చెబితే కొత్త ఫారం రాయొచ్చు."

"వాళ్లెందుకొస్తారు? ఏమీ లేదని సంబరపడుతూ వెళ్లారు. రోగం లేదని నేను చీటీ రాసిచ్చినట్టయింది. నిన్నటిదాకా ఆ మనుషులకి కాస్త భయమైనా ఉండేది సార్. ఇప్పుడు అదీ లేదు."

డాక్టరు ఫారాలు దొంతిగా సర్దాడు. "వెళ్లి మాట్లాడండి. బలవంతం మాత్రం చెయ్యొద్దు," అన్నాడు.

మర్నాడు డ్యూటీ దిగాక నర్సమ్మ తన తెల్లకోటు ఒకటి సంచిలో పెట్టుకుని దర్జీ కొట్టు వెతుక్కుంటూ వెళ్లింది. చిన్న కొట్టు. ముందు భాగంలో కుట్టుమిషను, దాని పక్కన బట్ట కత్తిరించే పొడుగు బల్ల, గోడకి మేకులకి సగం కుట్టిన కోట్లు. వెనక గోడకి ఒక తలుపు ఓరగా తెరిచి ఉంది. దాని అవతల సందు. కింద నేలంతా రంగురంగుల పీలికలు.

ఆవిణ్ణి చూడగానే దర్జీ కాళ్లు మిషను మీద ఆగిపోయాయి.

"ఈ కోటు చేతులు పొడుగైపోయాయి అన్నయ్యగారూ. కాస్త తగ్గిస్తారా?"

"వేసుకోండమ్మా, చూస్తాను," అన్నాడాయన. ఆవిడ కోటు తొడుక్కుంది. ఆయన చెయ్యి అంచు లోపలికి మడిచి, మణికట్టు దగ్గర చూసుకుని, గుండుసూదులు నాలుగు తీసి పెదాల మధ్య పెట్టుకున్నాడు. అది దర్జీల అలవాటే కానీ, ఆ పూట ఆయనకి అది మాట్లాడకుండా ఉండడానికి కూడా పనికొచ్చింది.

"నిన్న మీ ఆవిడ మీ ఊపిరితిత్తులు అద్దంలా ఉన్నాయంది. ఆ మాట నేననలేదు. నేనసలు చూస్తేగా?"

ఆయన ఒక సూది గుచ్చాడు.

"లెక్కలోకి రారన్నాను. రోగం లేదనలేదు. రెంటికీ చాలా తేడా ఉంది అన్నయ్యగారూ."

రెండో సూది. మూడో సూది. నాలుగోది గుచ్చాక ఆయనకి నోరు మూసుకునే సాకు లేకపోయింది.

"మా ఆవిడ సంతోషంగా ఉంది. ఉండనివ్వండి," అన్నాడు మెల్లగా. "చాలా ఏళ్లయింది దాన్ని అలా చూసి."

"రోజుకి ఎన్ని?"

ఆయన వెనక తలుపు వైపు చూశాడు. "పద్దెనిమిది. ఒక్కోరోజు పెట్టె మొత్తం. మానేసి నలభై రోజులున్నాను తల్లీ, అబద్ధం కాదు. నలభై ఒకటో రోజు ఒక పెద్దమనిషి కోటు పాడుచేశాను. చేతులు వణికి కత్తెర అడ్డంగా పోయింది. ఆ పూట ఈ సందులోకి వెళ్లాను. అప్పట్నుంచి వెళ్తూనే ఉన్నాను."

"అయితే మీరు మా లెక్కలోకి వస్తారు. ఒంటరిగా రండి. కొత్త ఫారం రాస్తాను, వదినగారికి తెలియక్కర్లేదు."

"మీకు సంగతి తెలీదు," అన్నాడు దర్జీ. "అమ్మాయి లేదు."

"లేదంటే?"

"పోయింది. పదిహేడో ఏట. మూడే మూడు రోజుల జ్వరం. పదకొండేళ్లయింది."

నర్సమ్మ ఒక చెయ్యి సూదులు గుచ్చిన కోటులో అలాగే ఉండిపోయింది.  

"జ్వరం జ్వరమే అన్నయ్యగారూ," అంది చివరికి. "దానికీ ఒట్టుకీ ముడిపెడతారా?"

"మీరంటారు. అప్పుడు డాక్టర్లూ అలాగే అన్నారు. మరి నేను చెయ్యి పెట్టింది దాని నెత్తినే కదా? ఇంకెవరి నెత్తినైనా పెట్టానా?" ఆయన గొంతు పెద్దది చెయ్యలేదు. బల్ల మీద ఉన్న సుద్దముక్క తీసుకుని, ఏ గుడ్డా లేకుండా చెక్క మీదే ఒక గీత గీశాడు. "ఇప్పటికీ తాగుతున్నానని మీ ఫారంలో రాసి సంతకం పెట్టమంటున్నారు. నా కూతుర్ని నేనే పొట్టన పెట్టుకున్నానని సంతకం పెట్టినట్టే అది. మా ఆవిడ పదకొండేళ్లుగా ఆ జ్వరాన్ని తిట్టుకుంటూ బతుకుతోంది. తెలిస్తే ఇక రోజూ పొద్దున లేచి నా మొహం చూడాలి."

నర్సమ్మకి కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు. "ఆ ఫారం నేనూ డాక్టరూ తప్ప మూడో మనిషి చూడడు. మాటిస్తున్నాను," అంది.

"ఒట్టా?" అని, తన మాటకి తనే అదోలా నవ్వాడు దర్జీ. "వద్దు వద్దు. మాట చాలు."

ఆయన కోటు విప్పించుకుని మడతపెట్టాడు. పదకొండేళ్లుగా ఎవరికీ చెప్పని మాట బయటపడ్డాక కాస్త తేలికపడ్డాడో, లేక ఈవిడ వదిలే రకం కాదని తేలిపోయిందో. "రేపు దారం కొనడానికి పోతున్నానని చెప్పి వస్తాను. మీ కోటూ తెస్తాను," అన్నాడు.

అన్నట్టే బుధవారం వచ్చాడు. గదిలో ఈసారి రెండే కుర్చీలు. నర్సమ్మ కొత్త ఫారం తీసింది. వయసు, చిరునామా, ఫోను నంబరు పాత ఫారం చూసి ఎక్కించేసింది. 'రోజుకి పద్దెనిమిది, ముప్పై తొమ్మిదేళ్లు, ఇప్పటికీ' అని ఆయన చెప్పింది చెప్పినట్టు రాసింది. ఆయన చదువుకుని, కలం చాలాసేపు పట్టుకుని కూర్చుని, సంతకం చేశాడు.

స్కాను గదిలో చేతులు తల పైకి చాపి పడుకోమన్నారు. బల్ల ఆ గుండ్రటి యంత్రంలోకి జరిగింది. ఊపిరి బిగబట్టమన్నారు, వదలమన్నారు. బయటికొచ్చి, "ఇంతేనా? చొక్కా కొలతలకే ఇంతకంటే ఎక్కువసేపు పడుతుంది," అన్నాడు దర్జీ. ఆయన నోటి నుంచి నర్సమ్మ విన్న మొదటి పరాచికం అదే. ఆవిడకి ఆ రోజంతా హాయిగా అనిపించింది.

శుక్రవారం ఉదయం ఆవిడ గది తాళం తీస్తుండగా దర్జీ వరండాలోకి వచ్చాడు. ఆయన ముందు, భార్య వెనక. ఆవిడ మొహం తెల్లబోయి ఉంది.

"ఏమిటమ్మా ఇది? ఏమీ లేదన్నావుగా? నిన్న నా ఫోనుకి ఎవరో చేసి, స్కానులో ఏదో కనబడింది, ఇద్దరూ రండి అన్నారు. ఏ స్కాను? ఎప్పుడు తీశారు? అడిగితే ఈయన ఉలకడు పలకడు!"

నర్సమ్మ గబగబా తలుపు తీసి బీరువాలోంచి ఆయన ఫారం తీసి చూసింది. పాత ఫారంలో నంబరు భార్యది. ఆలోచించకుండా అదే ఎక్కించింది. ఆఫీసులో కూర్చున్న గుమాస్తాకి ఇవేం తెలుసు, ఉన్న నంబరుకి చేశాడు. మాటిచ్చి రెండు రోజులు తిరక్కుండానే తన చేత్తోనే చెడగొట్టింది. 'ఓసి నా తెలివి తెల్లారా!' అని తనని తాను తిట్టుకుంది.

డాక్టరు గది ముందు నర్సమ్మ అడ్డం నిలబడింది. "వదినగారూ, ముందు అన్నయ్యగారొక్కరే వెళ్తారు. మీరు ఇలా కూర్చోండి."

"వద్దమ్మా. రానివ్వండి. ఎన్నాళ్లని?" అన్నాడు దర్జీ.

డాక్టరు కంప్యూటరు తెర వాళ్ల వైపు తిప్పి చూపించాడు. ఊపిరితిత్తి పైభాగంలో చిన్న మచ్చ, తొమ్మిది మిల్లీమీటర్లు.

"కాలరు గుండీ అంత," అన్నాడు దర్జీ.

"అంతే. అది ఏమిటో తేల్చడానికి ఇంకో పరీక్ష చెయ్యాలి. మనం భయపడుతున్నదే అయినా, ఇంత చిన్నగా ఉండగానే దొరికింది. ఆపరేషను చేసి ఆ ముక్క తీసేస్తే చాలామందికి నయమవుతుంది. ఇదంతా మొదలుపెట్టిందే ఇందుకోసం."

"ఆపరేషను వద్దు బాబూ. ఇంకో పరీక్షా వద్దు," అన్నాడు దర్జీ.

"అదేమిటి?"

"నాకు రావలసిందే వచ్చింది. ఉండనివ్వండి."

"ఏం మాటలండీ అవి!" భార్య ఆయన భుజం పట్టుకుని కుదిపింది. "నోటికెంత మాటొస్తే అంతా అనడమేనా?"

దర్జీ ఆవిడ వైపు తిరగలేదు. తెర మీద మచ్చనే చూస్తూ చెప్పాడు. "నేను మానలేదే. ఆ ఒట్టు నలభై రోజులే నిలిచింది. తర్వాత రోజూ తాగాను. అమ్మాయి బతికున్నన్నాళ్లూ తాగాను. అది జ్వరంతో పడుకున్న మూడు రోజులూ ఆసుపత్రి గోడ వెనక నిలబడి తాగాను. దాన్ని నేనే పొట్టన పెట్టుకున్నాను."

నర్సమ్మ ఆవిడ పడిపోతే పట్టుకోవాలని దగ్గరికి జరిగింది. ఆవిడ అరవలేదు, గుండెలు బాదుకోలేదు. వెనక ఉన్న స్టూలు చేత్తో తడుముకుని కూర్చుంది.

"మీరు మానలేదని నాకు తెలుసు," అంది. "మీ చొక్కాలు ఉతికేది నేను కాదూ?"

దర్జీ ఇప్పుడు తిరిగి చూశాడు.

"అమ్మాయికీ తెలుసు."

 ఆవిడ పమిట కొంగుతో నోరు తుడుచుకుని, ఆగి ఆగి చెప్పింది. "దాని పదహారో ఏట. ఎండాకాలం సెలవుల్లో మీకు కొట్టుకి అన్నం క్యారేజీ తెచ్చేది చూడండి, అప్పుడు. ఒకరోజు వెనక సందులో మిమ్మల్ని చూసిందట. ఇంటికొచ్చి నేను బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని, 'అమ్మా, నాన్న ఒట్టు తీసి గట్టున పెట్టేశాను' అంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అదేమో నవ్వుతోంది. 'వేసింది నా మీదే కదా, తీసెయ్యడం నా ఇష్టం. పాపం, దొంగలా నిలబడి తాగుతున్నాడే' అంది. 'నాన్నకి మాత్రం చెప్పకు, తెలిస్తే ఇంకో పెట్టె ఎక్కువ కాలుస్తాడు. ఆ కాస్త భయం ఉండనీ' అంది."

"ఉండనీ అందా?" అన్నాడు దర్జీ.

"అంది. నేను చెప్పలేదు. అది పోయాకా చెప్పలేదు. చెప్పొద్దంది కదా, దాని ఆఖరి మాటల్లో అదొకటి అనుకుని దాచుకున్నాను. భయం ఉంటే మీరు తగ్గిస్తారనీ అనుకున్నాను. అందుకే మొన్న సోమవారం ఇక్కడా మానేశారనే చెప్పాను. మీరు మాటామంతీ లేకుండా కూర్చుంటే, దాన్ని తలుచుకుంటున్నారనుకున్నాను గానీ, ఇంత బండరాయి నెత్తిన పెట్టుకుని మోస్తున్నారని నాకేం తెలుసు?" అంది ఆవిడ. "ఒక్క మాట చెబితే పోయేది. నేనే మిమ్మల్ని ఇంత చేశాను. తప్పు నాదండీ. నాదే."

ఆవిడ ఏడ్చింది. సోమవారం నాడు వరండా అంతా వినిపించేలా మాట్లాడిన మనిషి, ఇప్పుడు చప్పుడు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఎప్పుడు తీసింది?" అన్నాడు దర్జీ.

"ఏమిటి?"

"ఒట్టు."

"చెప్పాగా, ఆ ఎండాకాలం. ఏడాది ముందు."

"ఏడాది ముందు," అన్నాడాయన. పెదాలు కదుపుతూ ఏదో లెక్క కట్టుకున్నాడు. "మరి పదకొండేళ్లు నాకు చెప్పలేదు."

ఆవిడ తల ఎత్తలేదు. ఆయన లేచి వెళ్లిపోతాడేమో అనిపించింది నర్సమ్మకి. వెళ్లినా తప్పు పట్టలేం అని కూడా అనిపించింది. ఆయన లేవలేదు. మోచేతి మీద చొక్కాతో మొహం తుడుచుకున్నాడు, ఒకసారి, మళ్లీ ఒకసారి. చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాడు.

"డాక్టరుబాబూ, ఇందాక మీరు ఆ మచ్చ గురించి చెబుతుంటే నేను సరిగ్గా వినలేదు. మొదట్నుంచీ మళ్లీ చెప్పండి," అన్నాడు.